ఎదుటివాళ్ల రంగు మన చేతిలో ఉంటే



ఈ రోజు బ్రిడ్జి ఆట గురించి మాట్లాడుకుందాం. నదిమీది బ్రిడ్జి కాదు, పేకముక్కలతో ఆడే బ్రిడ్జి. అందులోనూ ఒక్క సంగతే తీసుకుంటాను. ఎదుటివాళ్లు ఏ రంగు మీద పాట పాడారో, ఆ రంగు ముక్కలే మన చేతినిండా ఉన్నాయనుకోండి. అప్పుడేం చెయ్యాలి? మనం ఒక్కరమే తేల్చుకుంటే సరిపోతుందా? మన జోడీతో ముందే అనుకుని ఉండాలా?

ముందే అనుకుని ఉండాలి. ఈ ప్రసంగమంతా ఆ మాట గురించే.

యాడికిలో, తాడిపత్రిలో, గుత్తిలో, మన వైపు ఏ ఊళ్లోనైనా సరే, పేకాట అనగానే ఇంట్లో ఆడవాళ్లు ముఖం చిట్లిస్తారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. వాన రాక, శెనక్కాయ చేతికి రాక, చేతిలో ఉన్న నాలుగు రూపాయలూ రచ్చకట్ట మీద పోగొట్టుకున్న ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. నేను చెప్పే ఆటలో డబ్బు పెట్టనక్కర్లేదు. దీనికి కావలసింది నలుగురు మనుషులు, ఒక పేక, ఒక కాగితం, ఒక పెన్సిలు. కాగితం మీద పాయింట్లు రాసుకుంటారు. అంతే.

పేకాటలన్నీ ఒకటి కాదని మన సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ కేసు మన తెలుగు నేల నుంచే వెళ్లింది. సికింద్రాబాదులో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుంటే పోలీసులు కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967లో తీర్పు వచ్చింది. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడెయ్యాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని కోర్టు చెప్పింది. రమ్మీలో అదృష్టం ఎంత అంటే, బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదే అంది. అంటే నేర్పుకు కొలబద్దగా కోర్టు బ్రిడ్జిని తీసుకుంది.

పోటీల్లో ఆ పంపకం అదృష్టాన్ని కూడా చాలావరకు తీసేస్తారు. ఒక బల్ల దగ్గర ఆడిన ముక్కల్నే, కలపకుండా, అలాగే రెండో బల్లకు పంపుతారు. అవే ముక్కలతో ఎవరు బాగా ఆడారో చూస్తారు. మంచి ముక్కలు వచ్చినవాడు గెలవడు. వచ్చిన ముక్కలతో బాగా ఆడినవాడు గెలుస్తాడు.

ఆట తెలియని శ్రోతల కోసం రెండు మాటలు చెబుతాను.

నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒకరికొకరు జోడీ. తలా పదమూడు ముక్కలు. ముందు పాట జరుగుతుంది. తరువాత ఆట జరుగుతుంది. ఆటలో తలా ఒక ముక్క వేస్తారు. ఆ నాలుగు ముక్కల్లో పెద్దది వేసినవాళ్లకు ఆ పట్టు దక్కుతుంది. మొత్తం పదమూడు పట్లు. పాటలో మనం చెప్పేది, ఫలానా రంగు తురుపుగా, అంటే మిగతా రంగులను కొట్టే రంగుగా, ఇన్ని పట్లు తెస్తామని. ఆరు పట్ల మీద లెక్క మొదలవుతుంది. ఒకటి అంటే ఏడు పట్లు. రెండు అంటే ఎనిమిది పట్లు. పాడినన్ని తేలేకపోతే ఎదుటివాళ్లకు జరిమానా.

పాటలో రంగులకు పెద్దాచిన్నా ఉంది. కళావరు అన్నిటికన్నా కింద. దాని మీద డైమను. దాని మీద ఆఠీను. ఆ మూడింటికన్నా పైన ఇస్పేటు. తురుపు లేకుండా ఆడతామంటే దాన్ని నో ట్రంప్స్ అంటారు. అది ఇస్పేటుకన్నా పైన.

చేతి బలాన్ని పాయింట్లతో కొలుస్తారు. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. పేకంతా కలిపితే 40. పన్నెండు, పదమూడు పాయింట్లుంటే సాధారణంగా పాట మొదలుపెట్టవచ్చు.

ఇంకొక్క మాట. పాటలో డబుల్ అనే పిలుపు ఉంది. దాని మొదటి అర్థం, మీరు పాడినన్ని పట్లు తేలేరు, జరిమానా పెంచండి అని. ఈ పిలుపు చుట్టూనే ఈ రోజు కథంతా తిరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

మన పల్లెల్లో చింతచెట్ల కాపును వేలం వేస్తారు కదా. బావా బావమరిదీ ఇద్దరు పొత్తున పాడాలనుకున్నారు. బావమరిది ముందు రోజే వెళ్లి చెట్టు కింద తిరిగాడు. కాయ విరిచి చూశాడు. బయటికి నిండుగా ఉంది, లోపల పుచ్చు. మర్నాడు వేలంలో వేరే ఊరి ఆసామి ఒకడు పాట పెంచుతున్నాడు. అతను దారి మీద నుంచి చూసిన మనిషి. కాపు పుచ్చని అతనికి తెలియదు. బావమరిదికి లోలోపల సంతోషం. పాడనీ, ఇంకా పాడనీ అనుకుంటూ నోరు మెదపలేదు.

పక్కన బావ ఏమనుకోవాలి? వీడి దగ్గర డబ్బు లేదేమో అనుకోవచ్చు. పదిమందిలో బిడియపడ్డాడేమో అనుకోవచ్చు. అయ్యో, చెట్టు చేజారిపోతోందని తానే గొంతెత్తి పాట పెంచవచ్చు. పుచ్చుకాపు వాళ్ల నెత్తిన పడుతుంది.

అదే ముందు రోజు రాత్రి, బావా, రేపు నేను పలక్కపోతే కాపు పుచ్చని అనుకో, నువ్వు పెంచొద్దు, చెట్టు వాళ్లకే పోనీ అని ఒక్క మాట అనుకుని ఉంటే? ఆ మౌనం బావకు వినిపించేది. అర్థమయ్యేది.

బ్రిడ్జిలో ఎదుటివాళ్ల రంగు మన చేతిలో ఉండడం అచ్చంగా ఇదే. వాళ్లు పైనుంచి చూసి పాడుతున్నారు. లోపలి పుచ్చు మనకు తెలుసు. నోరు మూసుకోవాలి. కానీ ఆ మౌనం మన జోడీకి అర్థం కావాలి.

ఒక చేతిని చూద్దాం. నెమ్మదిగా చెబుతాను. కాగితం ఉంటే రాసుకోండి.

మీ చేతిలో ఇస్పేటు ఐదు ముక్కలు. వాటిలో ఆసు, రాణి ఉన్నాయి. ఆఠీను ఒక్కటే ముక్క, చిన్నది. డైమను నాలుగు, ఆసుతో. కళావరు మూడు, రాజుతో. లెక్క చూడండి. 13 పాయింట్లు. మీరు ఒక ఇస్పేటు అని పాట మొదలుపెట్టారు.

మీ ఎడమ పక్కన కూర్చున్న ప్రత్యర్థి రెండు ఆఠీను అన్నాడు. ఆఠీను ఇస్పేటుకన్నా కింద కాబట్టి అతను రెండుకు ఎక్కాల్సి వచ్చింది. అంటే ఆఠీను తురుపుగా ఎనిమిది పట్లు తెస్తానన్నాడు.

ఇప్పుడు మీ జోడీ వంతు. ఆయన చేతిలో ఏముందో నేను చెబుతాను. ఆటలో మీకు కనిపించదు. ఆయన దగ్గర ఆఠీను ఐదు ముక్కలున్నాయి. రాజు, జాకీ, తొమ్మిది, ఎనిమిది, మూడు. మీరు పాడిన ఇస్పేటు ఒక్కటే ముక్క. డైమను మూడు, రాజుతో. కళావరు నాలుగు, ఆసుతో. మొత్తం 11 పాయింట్లు.

వింటున్నారా? వాళ్లు ఆఠీను తురుపు అన్నారు. ఐదు ఆఠీన్లు మీ జోడీ దగ్గరే ఉన్నాయి. పైగా ఆయన, పాడినవాడి తరువాత ముక్క వేసే చోట కూర్చున్నాడు. పాడినవాడు ఏ ఆఠీను వేసినా, దాన్ని చూసి దానిమీద వేయగలడు. రెండు ఆఠీను వాళ్లకు కష్టం. చాలా కష్టం.

మీ ఇద్దరి పట్లు లెక్కపెడదాం. ఇస్పేటు ఆసు ఒకటి. డైమను ఆసు, రాజు, మొత్తం మూడు. కళావరు రాజు, ఆసు, మొత్తం ఐదు. మీ జోడీ దగ్గర ఇస్పేటు ఒక్కటే కాబట్టి రెండోసారి ఇస్పేటు వేసినప్పుడు చిన్న ఆఠీనుతో కొట్టవచ్చు. అది ఆరు. మిగిలిన ఆఠీన్లతో తక్కువలో తక్కువ రెండు. మొత్తం ఎనిమిది. పదమూడులో ఎనిమిది మీకే వస్తే వాళ్లకు మిగిలేవి ఐదు. వాళ్లు తెస్తామన్నది ఎనిమిది. మూడు తక్కువ.

ఇప్పుడు జరిమానా చూడండి. కొన్ని చేతుల్లో జరిమానా రేటు ఎక్కువగా ఉంటుంది. ఆ స్థితిని వల్నరబుల్ అంటారు. ఎదుటివాళ్లు వల్నరబుల్‌గా ఉన్నారనుకుందాం. డబుల్ లేకుండా మూడు పట్లు తగ్గితే మీకు వచ్చేది 300. డబుల్ ఉండి మూడు పట్లు తగ్గితే మీకు వచ్చేది 800. అవే ముక్కలు. అదే ఆట. పాటలో ఒక్క పిలుపు తేడా. 500 పాయింట్ల తేడా.

మరి మీరిద్దరూ సొంతంగా పాట గెలిచి ఆడితే? మీ ఇద్దరికీ కలిపి 24 పాయింట్లు. పెద్ద బహుమతి వచ్చే గేమ్ పాడడానికి సాధారణంగా 25 దాకా కావాలంటారు. పైగా మీ ఇస్పేటు ఆయన దగ్గర ఒక్కటే ఉంది. ఆయన ఆఠీను మీ దగ్గర ఒక్కటే ఉంది. చేతులు కలవలేదు. చేతులు కలవనప్పుడు వాళ్లను ఆడనివ్వడమే లాభం.

ఇంతవరకూ బాగుంది. కానీ ఆ 800 మీకు ఎలా వస్తుంది?

మీరు ఏమీ అనుకోకుండా కూర్చున్నారనుకోండి. మీ జోడీ ఆఠీన్లు చూసి సంతోషంతో వెంటనే డబుల్ అన్నాడు. ఆయన ఉద్దేశం జరిమానా. కానీ ఈ రోజుల్లో ఎక్కువమంది ఆ చోట డబుల్‌కు ఇచ్చే అర్థం వేరు. ఎదుటివాళ్ల రంగు నా దగ్గర లేదు, పాడని మిగతా రంగులున్నాయి, నువ్వు ఒకటి ఎంచుకో అని. మీరు ఆ అర్థమే తీసుకున్నారు. మూడు డైమను అన్నారు. వాళ్లు గోతిలోంచి బయటపడ్డారు. మీరు గోతిలో దిగారు.

లేదా మీ జోడీ పాస్ అన్నాడు, అంటే పాడకుండా వదిలేశాడు. తరువాతి ప్రత్యర్థీ పాస్ అన్నాడు. వంతు మీకు వచ్చింది. జోడీ దగ్గర ఏమీ లేదు కాబోలు అనుకుని మీరూ పాస్ అన్నారు. పాట అయిపోయింది. 300 వచ్చింది. 500 నేలపాలు.

లేదా మీకు ఓపిక చాలక రెండు ఇస్పేటు అని మీరే మళ్లీ పాడారు. అటు జోడీ దగ్గర ఇస్పేటు ఒక్కటే. పుచ్చుకాపు కొన్న బావ గుర్తున్నాడు కదా. అదే పని.

మూడు దారులూ తప్పు దారులే. ఆడేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ఇద్దరి మధ్య మాట లేదు. అదొక్కటే లోపం.

ఇక ఒప్పందం చెబుతాను. రెండే ముక్కలు. గుర్తుపెట్టుకోండి.

వాళ్ల రంగు చేతినిండా ఉన్నవాడు పాస్ అనాలి. వాళ్ల రంగు చేతిలో లేనివాడు డబుల్ అనాలి.

మళ్లీ చెబుతాను. ఉన్నవాడు పాస్. లేనివాడు డబుల్.

మన చేతిలో ఇది ఎలా నడుస్తుందో చూడండి. మీ జోడీ దగ్గర ఆఠీన్లు ఉన్నాయి. ఆయన మామూలుగా పాస్ అన్నాడు. తరువాతివాడు పాస్. వంతు మీది. మీ దగ్గర ఆఠీను ఒక్కటే. మీరు డబుల్ అన్నారు. మీ ఎడమ పక్కవాడు పాస్. ఇప్పుడు మీ జోడీ మళ్లీ పాస్ అంటాడు. ఆ పాస్‌తో మీ డబుల్ జరిమానా డబుల్ అయిపోయింది. వాళ్లు రెండు ఆఠీను డబుల్ మీద ఆడాలి. మీకు 800.

ఒకవేళ మీ జోడీ దగ్గర ఆఠీన్లు లేవనుకోండి. బలం లేకనే పాస్ అన్నాడనుకోండి. అప్పుడు కూడా ఇబ్బంది లేదు. మీ డబుల్ విని ఆయన తనకు నచ్చిన రంగు పాడతాడు. కళావరో, డైమనో, మీ ఇస్పేటుకు తిరిగి రావడమో. మీ డబుల్ రెండు విధాలా పనికొస్తుంది. ఆఠీన్లుంటే జరిమానా. లేకపోతే దారి వెతుక్కోవడం. అందుకే ఈ ఒప్పందం ఇన్నేళ్లు నిలిచింది.

మరి వెంటనే వేసే డబుల్‌ను జరిమానాకే ఉంచుకుంటే పోలేదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. పూర్వం అలాగే ఉండేది.

ఇప్పుడు మనం ఆడే కాంట్రాక్ట్ బ్రిడ్జికి 1925లో అమెరికాకు చెందిన హెరాల్డ్ వాండర్‌బిల్ట్ రూపం ఇచ్చాడు. ఓడ ప్రయాణంలో స్నేహితులతో ఆడుతూ పాయింట్ల పద్ధతి స్థిరపరిచాడు. ఆ తరువాత చాలా ఏళ్లు, జోడీ పాట మీద ఎదుటివాడు రంగు చెబితే, దాని మీద డబుల్ అంటే జరిమానాయే. 1957లో ఆల్విన్ రాత్ అనే అమెరికా ఆటగాడు దాన్ని మార్చాడు. ఆయన ఆలోచన సూటిగా ఉంది. ఎదుటివాళ్ల రంగు ఐదు ముక్కలు మన చేతికి రావడం అరుదు. ఎదుటివాళ్ల రంగు లేకుండా, మిగతా రంగులతో, చెప్పుకోవడానికి దారిలేని చేతులు రావడం తరచు. అరుదుగా వచ్చే చేతికోసం ఇంత విలువైన పిలుపును ఎందుకు దాచిపెట్టాలి? తరచుగా వచ్చే చేతికే ఇద్దాం అన్నాడు. ఆ ఏడాదే సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపింది. ఈ కొత్త డబుల్‌కూ స్పుత్నిక్ డబుల్ అని పేరు వచ్చింది. ఇప్పుడు నెగటివ్ డబుల్ అంటున్నారు.

మరి అరుదైన చేతి గతేమిటి? దాన్ని రాత్ పద్ధతి వదిలేయలేదు. ఆ చేతి బరువును జోడీ మీద పెట్టింది. ఉన్నవాడు పాస్. లేనివాడు డబుల్. నెగటివ్ డబుల్ ఆడతామని చెప్పి ఈ రెండో సగం మరిచిపోయే జోడీలు చాలా ఉంటాయి. సగం ఒప్పందం ఒప్పందం కాదు. అది నేర్చుకుంటే ఇది కూడా నేర్చుకోవాలి.

ఇప్పుడు మీరు మరో ప్రశ్న అడగవచ్చు. జోడీ పాస్ అన్నాడు. ఆయన దగ్గర ఆఠీన్లున్నాయని నాకెలా తెలుస్తుంది? ఉత్త చెయ్యి కూడా కావచ్చు కదా?

లెక్క చెబుతుంది. ఆఠీన్లు మొత్తం పదమూడు. పాడినవాడి దగ్గర ఆరు ఉన్నాయనుకోండి. మీ దగ్గర ఒకటి. మొత్తం ఏడు. మిగిలినవి ఆరు. ఆ ఆరూ మీ జోడీకీ, అవతలి ప్రత్యర్థికీ మధ్య ఉన్నాయి. అవతలివాడి దగ్గర మూడు నాలుగు ఆఠీన్లుంటే తన జోడీ పాటను బలపరిచి మూడు ఆఠీను అనే అవకాశం ఎక్కువ. అతను నోరెత్తలేదు. అంటే అతని దగ్గర తక్కువే ఉండాలి. ఆ తక్కువ పోగా మిగిలినవి ఎక్కడున్నాయి? మీ ఎదురుగా. మీ చేతిలో ఆ రంగు ఎంత తక్కువైతే, జోడీ చేతిలో అంత ఎక్కువ. ఈ లెక్క వేలు మడిచి వేసుకోవచ్చు. చదువుతో పని లేదు.

దీన్ని తిరగేసి కూడా చూడాలి. మీ చేతిలోనే వాళ్ల రంగు మూడు ముక్కలున్నాయా? అప్పుడు జోడీ దగ్గర ఐదు ఉండడం కష్టం. ఆయన పాస్‌కు అర్థం ఎక్కువసార్లు బలం లేకపోవడమే. అప్పుడు కనీస బలంతో డబుల్ వద్దు. పాస్ అనండి. ఒక్కటే ఉన్నా, అసలు లేకపోయినా, కనీస బలమున్నా డబుల్ ఆలోచించండి. రెండు ఉంటే చేతి బలం చూసుకోండి. మీ చేతిలో ఒకే రంగు ఏడెనిమిది ముక్కలుండి, బయట పట్లు లేకపోతే డబుల్ వద్దు. ఆ రంగే మళ్లీ పాడండి. జోడీ మీ డబుల్ మీద భరోసాతో పాస్ అంటే, మీ చేతిలో పట్టు కొట్టే ముక్కలుండాలి కదా.

జోడీ వైపు నుంచి కూడా జాగ్రత్త ఉంది. వాళ్ల రంగు ఐదు ముక్కలుంటే చాలదు. అవి ఎలాంటివో చూడాలి. రాజు, జాకీ, తొమ్మిది, ఎనిమిది ఉంటే బలం. ఏడు, ఆరు, నాలుగు, మూడు, రెండు ఉంటే అది పొడవే కానీ బలం కాదు. బయట ఒకటి రెండు పెద్ద ముక్కలు కూడా కావాలి. ఎందుకంటే డబుల్ మీద వాళ్లు గెలిచేస్తే నష్టం గట్టిగా ఉంటుంది. వల్నరబుల్‌గా ఉండి, డబుల్ మీద రెండు ఆఠీను సరిగ్గా ఎనిమిది పట్లతో తెచ్చుకుంటే వాళ్లకు 670. మనం ఇచ్చిన బహుమతి అది.

జరిమానా రేటు కూడా చూడాలి. వాళ్లు వల్నరబుల్ కాకుండా మనం అయినప్పుడు, మూడు పట్లు తగ్గినా వచ్చేది 500. అదే మనకు ఖాయంగా గేమ్ ఉంటే 600 వస్తుంది. అలాంటప్పుడు వాళ్ల రంగు చేతిలో ఉన్నవాడు పాస్ అనకుండా నో ట్రంప్స్ వైపు వెళ్లవచ్చు. వాళ్ల రంగును ఆపే ముక్కలు ఆయన దగ్గరే ఉన్నాయి కదా. దీన్ని కూడా జోడీతో ముందే మాట్లాడుకోండి.

ఇప్పటిదాకా మీరు పాట మొదలుపెట్టినప్పటి సంగతి. వాళ్లే మొదలుపెడితే?

మీ పక్కవాడు ఒక ఆఠీను అని మొదలుపెట్టాడు. మీ చేతిలో ఆఠీన్లు ఐదు, మంచివి. అప్పుడు డబుల్ అనొద్దు. ఆ డబుల్‌కు అర్థం ఆఠీన్లు లేవని. రెండు ఆఠీను అని కూడా అనొద్దు. ఎదుటివాళ్ల రంగును మనం పాడితే, అది నా దగ్గర ఉందని చాలా జోడీలు అర్థం చేసుకోవు. చాలామంది పద్ధతిలో దానికి అర్థం, ఇస్పేటు ఐదు, కళావరు గానీ డైమను గానీ ఐదు ఉన్నాయని. దీన్ని మైకేల్స్ పద్ధతి అంటారు. పదిహేను నుంచి పద్దెనిమిది పాయింట్లుండి, చెయ్యి సమంగా ఉంటే ఒక నో ట్రంప్స్ అనవచ్చు. లేకపోతే పాస్. నిమ్మళంగా పాస్. వాళ్లు ఇంకా పైకి ఎక్కవచ్చు. మీ జోడీ తన వంతులో డబుల్ అనవచ్చు. అప్పుడు మీ ఆఠీన్లకు పని దొరుకుతుంది.

చూశారా, ఇక్కడా అదే సూత్రం. ఉన్నవాడు పాస్. లేనివాడు డబుల్.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఇది ఆట నేర్పుకన్నా పెద్దది. ఆటలో నిజాయితీ.

మీ పాస్‌కు అర్థముంది అన్నాను. ఆ అర్థం పాస్ అనే పిలుపులో మాత్రమే ఉండాలి. పిలిచే తీరులో ఉండకూడదు. చేతిలో ఐదు ఆఠీన్లుంటే చాలాసేపు ఆలోచించి, ఊపిరి పీల్చి పాస్ అనడం, ఏమీ లేనప్పుడు టక్కున పాస్ అనడం, ఇది తప్పు. జోడీ ఆ ఆలస్యాన్ని బట్టి డబుల్ అంటే అది ఇంకా పెద్ద తప్పు. బ్రిడ్జి నియమాలు దీన్ని ఒప్పుకోవు. జోడీ పిలుపు నుంచి తెలిసింది వాడుకోవచ్చు. జోడీ ముఖం నుంచి, గొంతు నుంచి, ఆలస్యం నుంచి తెలిసింది వాడుకోకూడదు. అందుకే పోటీల్లో నోటితో పాడరు. పిలుపులు అచ్చువేసిన అట్టముక్కలు పెట్టెలో ఉంటాయి. కావలసింది తీసి బల్ల మీద పెడతారు. పెద్ద పోటీల్లో జోడీలోని ఇద్దరి మధ్య తెర కూడా కడతారు.

కాబట్టి ప్రతి పాస్‌నూ ఒకే నిదానంతో అనడం అలవాటు చేసుకోండి. ఉన్నా అదే నిదానం. లేకపోయినా అదే నిదానం. మన లెక్క గుర్తుందా? మీ చేతిలో ఆ రంగు తక్కువుంటే జోడీ దగ్గర ఉండవచ్చని లెక్కే చెబుతుంది. జోడీ ముఖం చూడనక్కర్లేదు. మంచి ఒప్పందం మనిషిని దొంగచూపుల నుంచి కాపాడుతుంది.

రెండో నిజాయితీ. జోడీలోని ఇద్దరి మధ్య ఒప్పందం రహస్యం కాదు. ఎదుటివాళ్లు అడిగితే చెప్పాలి. మీ జోడీ వేసిన డబుల్‌కు అర్థమేమిటి అని వాళ్లు మిమ్మల్ని అడిగితే, మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చేతిలో ఏముందో చెప్పక్కర్లేదు. ఒప్పందం ఏమిటో చెప్పాలి. పోటీల్లో ఆ ఒప్పందాలన్నీ ఒక కార్డు మీద రాసి ఉంచుతారు. దాచుకుని గెలిచేది ఒప్పందం కాదు. అందరికీ తెలిసినా పనిచేసేదే మంచి ఒప్పందం.

ఇలా ఓపికగా, కలిసి ఆడితే ఎంతదూరం పోవచ్చో చెబుతాను. 2018లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. బ్రిడ్జిని ఆ క్రీడల్లో చేర్చడం అదే మొదటిసారి. పురుషుల జోడీ పోటీలో బంగారు పతకం భారతదేశానికి వచ్చింది. గెలిచినవాళ్లు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్. ఒకరికి 60 ఏళ్లు. ఇంకొకరికి 56. ఆ క్రీడల్లోనే మిక్స్‌డ్ టీమ్‌కు కాంస్యం వచ్చింది.  2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు రజతం తెచ్చింది. మోకాళ్లు సహకరించని వయసులో కూడా దేశానికి పతకం తేగల ఆట ఇది.

యాడికి లాంటి ఊళ్లో దీన్ని మొదలుపెట్టడానికి క్లబ్బు అక్కర్లేదు. యాపచెట్టు నీడ చాలు. వాన కోసం ఎదురుచూసే రోజుల్లో మధ్యాహ్నాలు మనకు కొదవలేదు. పెన్షన్ తీసుకుంటున్న పంతుళ్లు, సెలవులకు వచ్చిన కాలేజీ పిల్లలు, మగ్గం దిగిన నేతన్నలు, ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరైనా ఆడవచ్చు. ఆడవాళ్లు కూడా కూర్చుంటే పేకమీద ఊళ్లో ఉన్న చెడ్డపేరు సగం పోతుంది. ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టుకోండి. బల్ల మీదికి డబ్బు రాకూడదు. రూపాయి కూడా రాకూడదు.

ఈ వారం ఒక పని చెయ్యండి. ఆట మొదలుపెట్టక ముందే మీ జోడీతో ఒక పావుగంట కూర్చోండి. ముక్కలు పంచకండి. మాట్లాడుకోండి. మనం పాడినప్పుడు వాళ్లు అడ్డం వస్తే, మన డబుల్‌కు అర్థమేమిటి? ఆ అర్థం ఎన్ని పట్ల పాట దాకా? నువ్వు పాస్ అంటే, నా చేతిలో వాళ్ల రంగు తక్కువుంటే నేను తప్పకుండా డబుల్ అనాలా? ఎప్పుడు అనకూడదు? ఇవి మాట్లాడుకుని ఒక కాగితం మీద రాసుకోండి. ఇద్దరూ చదవండి. తరువాత పేకలోంచి ఆఠీను ఐదు ముక్కలు తీసి జోడీ చేతిలో పెట్టండి. మిగతావి కలిపి పంచండి. ఆ ఒక్క సందర్భాన్నే పదేపదే పాడి చూడండి. వారంలో మీ ఇద్దరికీ అలవాటైపోతుంది.

ఒప్పందం బాగా లేదనిపిస్తే మార్చుకోండి. కానీ ఆట మధ్యలో మార్చకండి. ఆట అయ్యాక మార్చండి. తప్పు జరిగితే బల్ల దగ్గర జోడీని తిట్టకండి. ఎదుటివాళ్ల ముందు అసలే తిట్టకండి. ఇంటికి పోయేదారిలో మాట్లాడుకోండి. జోడీకి మీమీద నమ్మకం ఉన్నప్పుడే మీ పాస్‌ను ఆయన సరిగ్గా అర్థం చేసుకుంటాడు. ఆ నమ్మకాన్ని కాపాడుకోవడం మీ చేతిలో ఉంది. ముక్కలు ఎవరి చేతికి ఏవి వస్తాయో మనం నిర్ణయించలేం. మన మధ్య మాట మాత్రం మనమే నిర్ణయించుకోగలం.